దౌర్జన్యపరుడైన సోదరునికి సహాయం ఎలా?

అనంత కరుణామయుడు, అపార కృపాశీలుడు అయిన అల్లాహ్ పేరుతో...

మీ సోదరుడు దౌర్జన్యానికి గురైనవాడైనా, దౌర్జన్యం చేసేవాడైనా అతనికి సహాయం చేయండని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఉపదేశించారు. సహచరులు ఆశ్చర్యపోయారు. బాధితునికి సహాయం చేయడం అర్థమయ్యే మాటే. మరి దౌర్జన్యపరునికి సహాయం చేయడమేమిటని అడిగారు. అతని చెయ్యి పట్టుకుని దౌర్జన్యం నుంచి ఆపడమే అతనికి చేసే సహాయమని ఆయన వివరించారు (సహీహ్ బుఖారీ).

ఈ హదీసు మనలో చాలామందికి తెలుసు. సభల్లో చెబుతాం, పిల్లలచేత కంఠస్థం చేయిస్తాం. కాని ఆ దౌర్జన్యపరుడు మన అన్నో, తమ్ముడో, పక్కింటివాడో, ఒకే సఫ్‌లో భుజం కలిపి నమాజు చేసే స్నేహితుడో అయి, దెబ్బలు తినేది అతని భార్య అయితే, ఆ హదీసు మనకు గుర్తుకు రాదు. ఈ పాఠం ఆ మరుపును గురించి.

తెల్లవారుజామున తలుపు దగ్గర

ముందుగా నా తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం పటాన్‌చెరు దగ్గర ఒక బస్తీ మస్జిదులో ఇమామత్ చేసేవాణ్ణి. ఒకరోజు ఫజర్ నమాజు అయి అందరూ వెళ్లాక ఒక స్త్రీ చంటిబిడ్డతో వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. భర్త కంపెనీలో కాంట్రాక్టు పని చేస్తాడు. నైట్ డ్యూటీ లేని రాత్రి తాగి వచ్చి కొడతాడట. “మౌలానా సాబ్, ఆయనకు మీరు ఒక్క మాట చెప్పండి” అని అడిగింది. అతను నాకు తెలిసినవాడే, జుమాకు వచ్చేవాడే. నేనేం చెప్పాను? “సబర్ చెయ్యండి ఆపా, ఇంటి మాట బయట పెట్టకండి, దుఆ చేస్తాను” అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది. మూడు నెలల తర్వాత ఎడమ చేతికి కట్టుతో కనిపించింది. ఈసారి నా దగ్గర ఆగలేదు.

ఆ ఏడాది రమజాన్ దర్స్ కోసం హదీసు గ్రంథం తిరగేస్తుంటే హజ్రత్ హబీబా బిన్తె సహ్ల్ (రజి) ఉదంతం కంటపడింది. మదర్సాలో చదివినదే. కాని ఆ రోజు చదివినట్లు ఎప్పుడూ చదవలేదు. ఆమె కూడా తెల్లవారుజామున చీకట్లోనే వచ్చింది. దైవప్రవక్త (సఅసం) ఫజర్ నమాజుకు బయటికి రాగానే ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. భర్త సాబిత్ బిన్ ఖైస్ (రజి) గౌరవనీయుడైన సహచరుడు. ఆయన ఆమెను కొట్టగా గాయమైందని అబూ దావూద్‌లోని ఉల్లేఖనం చెబుతోంది. మహాప్రవక్త (సఅసం) ఆమెను ఇంటికి పొమ్మనలేదు. పరువు పోతుందని అనలేదు. భర్తను పిలిపించారు. అతనిచ్చిన మహర్ తిరిగి ఇప్పించి, ఆమెను ఆ బంధం నుంచి విడిపించారు. ధర్మశాస్త్రంలో ఖులాకు ఆధారంగా నిలిచిన సంఘటనలలో ఇదొకటి.

ఆమె ప్రవక్త (సఅసం) తలుపు దగ్గరికి వస్తే న్యాయం దొరికింది. నా మెట్ల దగ్గరికి వచ్చిన స్త్రీకి సబర్ దొరికింది. సబర్ గొప్ప గుణమే. కాని అది బాధ పడేవారు తమకు తాము ఎంచుకోవలసినది. బాధను ఆపగలిగినవాడు తన చేతగానితనాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఎదుటివారి మీద రుద్దేది సబర్ కాదు.

మన ఇళ్ల పరిస్థితి

2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఎదురు మాట్లాడటం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం లాంటి ఏడు కారణాలు చదివి, వీటిలో ఏ ఒక్కదానికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగారు. తెలంగాణలో దాదాపు 84 శాతం స్త్రీలు సబబేనన్నారు. పురుషులలో అలా అన్నవారు దాదాపు 70 శాతం. ఇది ఒక మతంవారి లెక్క కాదు, రాష్ట్రం మొత్తానిది. అందులో మనమూ ఉన్నాం.

దెబ్బ తినేవారే దెబ్బను న్యాయమని అంగీకరించే స్థితికి సమాజం వచ్చిందంటే, తరతరాలుగా వారికి ఆ పాఠం ఎవరు నేర్పారో ఆలోచించండి! డోలీలో వెళ్లిన ఇంటి నుంచి జనాజాగానే బయటికి రావాలని ఆడపిల్లకు చెప్పి పంపే తల్లిదండ్రులు మనలో లేరా? ఈ మాట ఖుర్ఆన్‌లో లేదు, హదీసులో లేదు. ఇది మనం కల్పించుకున్న శాసనం.

పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం కంపెనీలలో పనిచేసే సోదరులకు ఒక విషయం తెలుసు. ప్లాంటులో ఎక్కడైనా గ్యాస్ లీకవుతున్న వాసన వస్తే అది నా సెక్షన్ కాదని ఎవరూ ఊరుకోకూడదు. చూసినవాడు చెప్పి తీరాలి. ఎందుకంటే మంట అంటుకుంటే సెక్షన్లు చూసుకోదు. అదే మనిషి సాయంత్రం తన గల్లీకి వచ్చాక, గోడ అవతలి నుంచి కేకలు వినిపిస్తుంటే, అది వాళ్ల ఇంటి విషయమంటూ టీవీ శబ్దం పెంచుకుంటాడు. పని చోట ఉన్న బాధ్యత పక్కింటి విషయంలో ఎటు పోయింది?

ప్రవక్త (సఅసం) ఆచరణ ఏమిటి?

దైవప్రవక్త (సఅసం) రణరంగంలో తప్ప తన చేత్తో ఎవరినీ కొట్టలేదనీ, స్త్రీని గాని సేవకుణ్ణి గాని ఎన్నడూ కొట్టలేదనీ హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యమిచ్చారు (సహీహ్ ముస్లిం). ఇది భార్య ఇచ్చిన సాక్ష్యం. మనిషి అసలు స్వభావం భార్య కంటే ఎక్కువగా ఎవరికి తెలుస్తుంది?

అల్లాహ్ దాసీలను కొట్టవద్దని ఆయన ఆదేశించినప్పుడు కొందరు పురుషులకు అది కష్టంగా తోచింది. స్త్రీలు ఎదురు తిరుగుతున్నారని ఫిర్యాదు వచ్చింది. కొంత సడలింపు ఇవ్వగానే ఎందరో స్త్రీలు ప్రవక్త (సఅసం) ఇళ్ల చుట్టూ చేరి తమ భర్తల గురించి మొర పెట్టుకున్నారు. అప్పుడాయన ఆ సంగతి అందరి ముందూ ప్రస్తావించి, అలాంటి భర్తలు మీలో ఉత్తములు కారని ప్రకటించారు (అబూ దావూద్). స్త్రీలు గుంపుగా వచ్చి ఫిర్యాదు చేయడాన్ని ఆయన తప్పు పట్టలేదు, కొట్టినవారినే తప్పు పట్టారు.

ఇక నిసా సూరా 34వ ఆయతు విషయం. చెయ్యి చేసుకునే ప్రతివాడూ దీన్ని చూపిస్తాడు. మిగతా ఖుర్ఆన్ తెలియకపోయినా ఈ ఒక్క ఆయతు మాత్రం నోటికి వస్తుంది! కాని ధర్మపండితులు దీన్ని ఎలా అర్థం చేసుకున్నారు? ఇది కోపం తీర్చుకోవడానికి ఇచ్చిన అనుమతి కాదు. తీవ్రమైన అవిధేయత ఏర్పడినప్పుడు ముందు హితబోధ, తర్వాత పడక వేరు చేయడం చెప్పబడ్డాయి. ఆ తర్వాతి మెట్టు గురించి ప్రస్తావన వచ్చినప్పుడు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) మిస్వాక్ పుల్లను ఉదాహరణగా చెప్పారు. గాయం కాకూడదు, మచ్చ పడకూడదు, ముఖం మీద అసలే కొట్టకూడదని ఫుఖహాలు నిబంధనలు పెట్టారు. మక్కా ఇమాము అతా బిన్ అబీ రబాహ్ (రహ్మ) అయితే భర్త కోపగించుకోవచ్చు గాని కొట్టకూడదనే అభిప్రాయపడ్డారు. తర్వాతి కాలపు మాలికీ పండితుడు ఇబ్నుల్ అరబీ (రహ్మ) దీన్ని అతా లోతైన అవగాహనకు నిదర్శనంగా పేర్కొన్నారు.

ఇప్పుడు చెప్పండి! బెల్టు, చెప్పు, చెంపదెబ్బ, జుట్టు పట్టి ఈడ్వడం, వీటిలో ఏది మిస్వాక్? ఆ ఆయతును అడ్డం పెట్టుకుని వీటిని సమర్థించేవాడు ఖుర్ఆన్‌ను అనుసరించడం లేదు, తన నఫ్స్‌ను అనుసరిస్తూ ఖుర్ఆన్‌ను డాలుగా వాడుకుంటున్నాడు. అదే సూరా 19వ ఆయతు భార్యలతో ఉత్తమ రీతిలో జీవించమంటోంది. 135వ ఆయతు స్వయంగా మీకు, మీ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయానికి సాక్షులుగా నిలబడమంటోంది. అవి మనకు ఎందుకు నోటికి రావు?

పురుషుల ప్రతిజ్ఞ

దైవప్రవక్త (సఅసం)కు ఇంకా ప్రవక్త పదవి లభించక ముందు మక్కాలో ఒక అన్యాయం జరిగింది. యమన్ నుంచి వచ్చిన ఒక వర్తకుని సరుకు తీసుకుని ఖురైష్ పెద్ద ఒకడు డబ్బు ఎగ్గొట్టాడు. అప్పుడు అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట్లో కొన్ని వంశాల పురుషులు సమావేశమై, మక్కాలో ఎవరికి అన్యాయం జరిగినా, బాధితుడు మనవాడైనా పరాయివాడైనా, న్యాయం దక్కేదాకా అందరం ఒక్కటై అతని పక్షాన నిలబడతామని ప్రమాణం చేశారు. ఇదే హిల్ఫుల్ ఫుజూల్. అందులో పాల్గొన్న ప్రవక్త (సఅసం), ఇస్లాం వచ్చాక కూడా అలాంటి ఒప్పందానికి పిలిస్తే వెళతానన్నారు.

ఆ ఒప్పందానికి సంబంధించి సీరత్, చరిత్ర గ్రంథాలలో మరో సంఘటన కూడా కనిపిస్తుంది. ఖస్అమ్ తెగకు చెందిన ఒక వ్యక్తి తన కూతురితో మక్కా యాత్రకు వచ్చాడు. నుబైహ్ బిన్ హజ్జాజ్ అనే పలుకుబడి గలవాడు ఆ అమ్మాయిని బలవంతంగా తీసుకుపోయాడు. తండ్రి కాబా దగ్గర నిలబడి ఫుజూల్ ఒప్పందంవారిని పిలిచాడు. వారు కత్తులు దూసి నాలుగు దిక్కుల నుంచి పరుగెత్తుకొచ్చి నుబైహ్ తలుపు ముందు నిలబడ్డారు. ఒక్క రాత్రి గడువివ్వమని అతను బతిమాలినా ఒప్పుకోక, అమ్మాయిని తండ్రికి అప్పగించేదాకా కదల్లేదు.

ఆ అమ్మాయి వారి బంధువు కాదు, వారి తెగ కాదు. తప్పు చేసినవాడే వారి ఊరివాడు. అయినా బాధితురాలి పక్షాన నిలబడ్డారు. పురుషుల మగతనం ఇది!

మన చరిత్రలో ఒక గాయం

1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం మహిళపై అత్యాచారం జరిగింది. రిక్షా కార్మికుడైన ఆమె భర్త పోలీసు దెబ్బలకు మరణించాడు. నగరం అట్టుడికిపోయింది. హిందువులు, ముస్లింలు కలిసి వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం నియమించిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. కాని విచారణలో ఆ మహిళ శీలాన్నే బోనులో నిలబెట్టే ప్రయత్నం జరిగింది. కేసు కర్ణాటకకు బదిలీ అయి, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. పవిత్ర స్త్రీలపై నలుగురు సాక్షులు లేకుండా నింద వేసేవారికి శిక్ష విధించిన నూర్ సూరా చదివే మనకు, ఆ అవమానం ఎంతటిదో వేరే చెప్పాలా?

ఆమె కేసులో న్యాయం జరగలేదు. కాని ఆమె కేసు, మహారాష్ట్రలోని మరో ఆదివాసీ బాలిక కేసు దేశమంతటా రేపిన ఆందోళన వల్ల 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగే అత్యాచారానికి ప్రత్యేక శిక్ష వచ్చింది. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమైంది. అదే ఏడాది భార్యను హింసించడాన్ని నేరంగా పరిగణించే 498ఎ సెక్షన్ కూడా వచ్చింది. 2024 జూలై 1 నుంచి అదే నిబంధన భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్‌గా ఉంది.

ఇందులో మనకో పాఠం ఉంది. దౌర్జన్యం చేసింది బయటివాడు, ఖాకీ బట్టలవాడు అయినప్పుడు మన పురుషులు ప్రాణాలకు తెగించి వీధిలోకి వచ్చారు. అది న్యాయమే. అదే దౌర్జన్యం మన ఇంట్లో, మనవాడి చేతుల్లో జరిగినప్పుడు ఆ పౌరుషం ఏమవుతోంది? బయటివాడి దౌర్జన్యాన్నే దౌర్జన్యమని పిలిచేది న్యాయం కాదు, అది అసబియ్యత్. కుల, వర్గ పక్షపాతం. దాన్ని తుడిచివేయడానికే ఇస్లాం వచ్చింది.

చట్టాన్ని సంస్కరించడం షరీఅత్‌కు విరుద్ధమా?

స్త్రీల రక్షణ కోసం చట్టం అనగానే మనలో కొందరు షరీఅత్‌లో జోక్యమంటారు. వారికి మన ఉలమాల చరిత్రనే గుర్తు చేయాలి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం భర్త హింసించినా, వదిలేసి మాయమైనా భార్యకు విడుదల పొందడం చాలా కష్టంగా ఉండేది. ఆ బంధం తెంచుకోవడానికి వేరే దారి లేక పంజాబ్‌లో కొందరు స్త్రీలు మతాన్నే వదిలిన సంఘటనలు జరిగాయి. అప్పుడు హజ్రత్ మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మ) ఏం చేశారు? స్త్రీలను తిట్టి ఊరుకోలేదు. మదీనాలోని మాలికీ ముఫ్తీలతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపి, మాలికీ ఫిఖ్హ్‌లో ఉన్న వెసులుబాటును స్వీకరిస్తూ 1930ల ఆరంభంలో ‘అల్ హీలతున్ నాజిజా’ అనే గ్రంథం వెలువరించారు. ఆ కృషి ఆధారంగా ఉలమాలు కదిలారు, ముస్లిం సభ్యులు కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు. అదే 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం. భర్త తరచూ కొట్టడమే గాక, కొట్టకపోయినా క్రూర ప్రవర్తనతో జీవితం దుర్భరం చేయడం కూడా విడుదల కోరడానికి కారణమని అందులో ఉంది.

చూశారా! సంస్కరణ బయటి నుంచి వచ్చిన తెగులు కాదు. బాధితురాలి మొర విని తమ గ్రంథాలను మళ్లీ తెరిచిన పెద్దల సంప్రదాయం అది.

తర్వాత వచ్చిన చట్టాలు కూడా తెలుసుకుందాం. 2005లో చేసి 2006 అక్టోబరు నుంచి అమలులోకి తెచ్చిన గృహహింస చట్టం అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. కొట్టడమే కాదు, దూషించడం, ఖర్చులకు ఇవ్వకపోవడం, ఇంటి నుంచి గెంటడం కూడా దాని కింద హింసే. ఇల్లు భర్త పేరునో, మామ పేరునో ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కును అది భార్యకు ఇస్తుంది. 2013 నాటి పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పదిమంది, అంతకు పైబడి పనిచేసే ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల కమిటీ ఉండాలి. కాంట్రాక్టు కూలీ అయినా, బీహార్, ఒడిశాల నుంచి వచ్చిన వలస కూలీ అయినా ఫిర్యాదు చేసే హక్కు ఉంది.

మద్యం మాట కూడా చెప్పాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు వ్యతిరేకంగా లేచారు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం సడలించింది. ఖుర్ఆన్ హరామ్ చేసిన వస్తువుపై ఖుర్ఆన్ చదవని స్త్రీలు పోరాడారు, చదివిన మనం ఎంత చేశాం?

తప్పుడు కేసులు పెడతారు కదా అని ఒక ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. అబద్ధపు ఫిర్యాదు కూడా జుల్మే, దానికీ అల్లాహ్ వద్ద లెక్క ఉంది. కాని అబద్ధం ఉంటుందేమోనన్న భయంతో నిజానికి తలుపు మూయడం న్యాయం కాదు. ప్రవక్త (సఅసం) ఆమె మాట విన్నారు, భర్తను పిలిపించారు, తీర్పు చెప్పారు. విచారణ చేయమనే ధర్మం చెబుతోంది, విననే విననని అనమనడం లేదు.

మనం చేయవలసినవి

1. సంబంధం చూసేటప్పుడు నిజం చెప్పాలి. హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) పెళ్లి విషయంలో సలహా అడిగితే, సంబంధం అడిగినవారిలో ఒకరు భుజం మీది నుంచి కర్ర దించరని ప్రవక్త (సఅసం) ముందే హెచ్చరించి, వేరొకరిని చేసుకోమన్నారు (సహీహ్ ముస్లిం). కనుక వరుడు చెయ్యి చేసుకునేవాడని తెలిసీ దాచడం మంచితనం కాదు. అడిగినప్పుడు చెప్పడం గీబత్ కాదు, అమానత్.

2. పక్కింట్లో కేకలు వినిపిస్తే వెళ్లి తలుపు తట్టాలి. ఒక్కరు వెళ్లలేకపోతే నలుగురు కలిసి వెళ్లాలి. ప్రాణభయం ఉంటే ఆలస్యం చేయకుండా 112కు ఫోను చేయాలి. మహిళల సహాయానికి 181 నంబరు ఉంది. సఖి కేంద్రంలో వైద్యం, న్యాయ సహాయం, తాత్కాలిక ఆశ్రయం దొరుకుతాయి.

3. మస్జిద్ కమిటీ పెద్దలు రాజీని తీర్పుగా మార్చకూడదు. నిసా సూరా 35వ ఆయతు చెప్పిన మధ్యవర్తిత్వం భార్యాభర్తల విభేదాలకు మార్గం. ఎముకలు విరిగినచోట ముందు ఆసుపత్రి, రక్షణ, చట్టం. మాటలు తర్వాత. బాధితురాలి మాట వినేటప్పుడు ఆమె నమ్మే స్త్రీలను పక్కన ఉంచాలి. ప్రమాదం ఉన్న ఇంటికి తిరిగి వెళ్లమని ఎవరూ బలవంతం చేయకూడదు.

4. తండ్రులారా, అన్నదమ్ములారా! పుట్టింటి తలుపు తెరిచి ఉందని ఆడపిల్లకు నికాహ్ రోజే చెప్పండి. అల్లుడికీ అది వినబడాలి.

5. కంపెనీలో తోటి స్త్రీని సూపర్‌వైజర్ వేధించడం చూసినవాడు సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యాన్ని దాచేవాడి హృదయం పాపభరితమైందని బఖరా సూరా హెచ్చరిస్తోంది.

6. ఓటు అడగడానికి వచ్చినవారిని నాలా, రోడ్డుతోపాటు ఇవి కూడా అడగండి: సెకండ్ షిఫ్టు దిగే స్త్రీలు నడిచే దారుల్లో లైట్లు ఏవి? జిల్లాలో గృహహింస చట్టం అమలు చేసే రక్షణాధికారి బాధితులకు అందుబాటులో ఉన్నారా? బస్తీ నడుమ బెల్టు షాపు ఎందుకుంది? నక్కవాగు విషపు నీటి మీద 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ప్రాంతం మనది. ఇంటి లోపలి విషం గురించి అడగడానికి సిగ్గెందుకు?

7. అన్నిటికంటే ముందు మన చెయ్యి సంగతి. ఈ రాత్రి ఇంటికి వెళ్లి, ఎప్పుడైనా చెయ్యి ఎత్తి ఉంటే, భార్యను క్షమాపణ అడగండి. పిల్లల ముందు కొట్టి ఉంటే పిల్లల ముందే అడగండి. తౌబాకు మొదటి మెట్టు అదే. మానవుల హక్కును వారు క్షమించనిదే అల్లాహ్ క్షమించడు.

ముగింపు

ఖౌలా బిన్తె సాలబా (రజి) తన భర్త విషయంలో మొర పెట్టుకుంటే ఏడు ఆకాశాల పైనుంచి అల్లాహ్ విన్నాడనీ, ఆ సంగతితోనే ముజాదిలా సూరా మొదలైందనీ మనకు తెలుసు. అల్లాహ్ విన్న మొరను ఇరుగుపొరుగు వినలేదంటే లోపం చెవుల్లో లేదు. పీడితుల దుఆకు, అల్లాహ్‌కు మధ్య తెర ఉండదని ప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఆ దుఆ కొట్టినవాడి మీదే పడుతుందని, చూస్తూ ఊరుకున్నవాణ్ణి తాకదని ఎవరు చెప్పగలరు?

నా మెట్ల దగ్గరి నుంచి వెళ్లిపోయిన ఆ సోదరికి నేను సమాధానం చెప్పుకోవలసిన రోజు ఒకటుంది. మీ తలుపు దగ్గరికి ఇంకా ఎవరూ వచ్చి ఉండకపోవచ్చు. వచ్చినప్పుడు హబీబా (రజి) గుర్తుకు రావాలి.

ఓ అల్లాహ్! మా ఇళ్లను దౌర్జన్యం నుంచి కాపాడు. దౌర్జన్యం చేసే మా సోదరుల చేతులు పట్టుకునే ధైర్యాన్ని మాకివ్వు. మా చేతులతో జరిగిన జుల్మ్‌ను ఈ లోకంలోనే సరిదిద్దుకునే సద్బుద్ధిని ప్రసాదించు. ఆమీన్.